ఆ కమాన్ నేను లేపింది కాదు

దవాఖాన నుంచి ఇంటికొచ్చి ఏడాది దాటింది. ఇన్నాళ్లూ ఎవరడిగినా "దవడ పట్టేసింది, తగ్గింది" అని మాట దాటేశాను. మొన్న పెద్ద కొడప్‌గల్ నుంచి ఒక పైల్వాన్ ఫోన్ చేశాడు. కాలికి పార తగిలిందట, తాలీం మట్టి పెట్టి గుడ్డ కట్టాడట, నాలుగు రోజుల్లో కుస్తీ ఉందట, ఆ కుస్తీ చూడటానికి నన్ను రమ్మన్నాడు. ఆ మనిషి నాకంటే రెండేళ్లు పెద్ద. అయినా నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం ఆయన అప్పటికప్పుడు బస్సెక్కి బాన్సువాడ దవాఖానకు వచ్చి, సూది వేయించుకుని, అక్కడి నుంచే మళ్లీ ఫోన్ చేశాడు. అప్పటికీ నేను తిడుతూనే ఉన్నాను.

"గాయనను తిట్టినవా, నిన్ను నువ్వు తిట్టుకున్నవా?" అంది నా భార్య సునీత. ఆమె అలాగే అంటుంది. "రాసి పెట్టు, సదివినోడు సదువుతడు" అని ఒక నోటుబుక్కు నా ముందర పడేసింది. అందుకని రాస్తున్నాను.

నేను కుస్తీలు పట్టి బతికేవాణ్ని. పేరు బాల్‌రాజ్. ఉండేది బాన్సువాడలో, బీర్కూర్ దారిలో రెండెకరాల చెరుకుంది. శివరాత్రి నుంచి ఉగాది దాటేదాకా మా వైపు ఏ ఊళ్లో జాతరైనా కుస్తీ పోటీలుంటాయి. గెలిస్తే కొబ్బరికాయ ఇచ్చే చిన్నపిల్లల కుస్తీతో మొదలై, పొద్దుగూకే వేళకు వెండి కడియం కుస్తీతో ముగుస్తాయి. నేనూ కొబ్బరికాయతోనే మొదలుపెట్టాను. ఇరవై ఏళ్లుగా కడియం కుస్తీలు పడుతున్నాను. డోంగ్లి దాటి మహారాష్ట్ర జాతరలకూ పోయాను. నా బరువు నూట పది కిలోలు. అంత బరువున్నవాళ్లు మామూలుగా ఒకచోట పాతుకుని నిలబడి ఎదుటివాణ్ని తోస్తారు. నాకు నిలబడటం చేతకాదు. ఎదుటివాడి చంక కింద నుంచి దూరి వెనక్కి పోతాను, కాలు అందుకునేలోపు పక్కకు దొర్లుతాను. ఒక జాతరలో మైకు పట్టుకున్నాయన "గీయన పైల్వానా, ఉడుతనా" అన్నాడు. ఆ రోజు నుంచి నేను ఉడుత పైల్వాన్‌ని. నూట పది కిలోల ఉడుత అని సునీత చుట్టాల ముందు నన్ను ఆటపట్టించేది.

నా అసలు బలం మాత్రం కమాన్. కుస్తీలో వీపు మట్టికి ఆనితే ఓడినట్టే. వెల్లకిలా పడేసినప్పుడు తల మీద, మడమల మీద బరువు మోపి, నడుము పైకి లేపి, వీపు ఆననివ్వకుండా ఆపడాన్ని మేము కమాన్ అంటాం. ఎదుటివాడు ఛాతీ మీద కూర్చున్నా నేను కమాన్ దించేవాణ్ని కాదు. అది విఠల్ ఉస్తాద్ నేర్పిన విద్య. మా నాయన పోయాక నన్ను తన తాలీంలో పెంచింది ఆయనే. తాలీం అంటే మేము కసరత్తు చేసే కొట్టం. లోపల గుంతలో ఎర్రమట్టి ఉంటుంది. పసుపు, నూనె, మజ్జిగ, నిమ్మరసం పోసి వారానికోసారి తవ్వి కలుపుతాం. చెప్పులతో లోపలికి పోము. దెబ్బ తగిలితే ఆ మట్టే పెట్టుకుంటాం. ఆ మట్టిని అనుమానిస్తే ఉస్తాద్‌ను అనుమానించినట్టే అనుకునేవాణ్ని.

పోయినేడు జాతరకు తొమ్మిది రోజుల ముందు, చెరుకు కొట్టిన మడిలో వట్టికాళ్లతో నడుస్తుంటే ఒక కొయ్య ఎడమ అరికాల్లోకి దిగింది. లాగితే రక్తం పెద్దగా రాలేదు. రాకపోవడం మంచిదనుకున్నాను. సాయంత్రం తాలీంకు పోతే ఉస్తాద్ చూసి, గుప్పెడు మట్టి తీసి, పసుపు కలిపి గాయంలోకి అదిమి కట్టు కట్టాడు.

"రెండు దినాలల్ల మూసుకుంటది. ఫికర్ జెయ్యకు" అన్నాడు.

ఇంట్లో సునీత కట్టు చూసి, "దవాఖానకు పోయి సూది ఏసుకో" అంది.

"తాలీం మట్టి ఉండంగ సూదెందుకే" అన్నాను. ఈ మాట అన్నది ఉస్తాద్ కాదు, నేను. మూడో రోజుకు గాయం నిజంగానే మూసుకుంది. ఆమె వంట చేస్తుంటే పొయ్యి దగ్గరికి పోయి మరీ అరికాలు ఎత్తి చూపించాను.

జాతర రోజు దెగ్లూర్ వైపు నుంచి వచ్చిన పైల్వాన్‌తో నా జోడు. నాకంటే పొడుగు, వయసులో చిన్న. రెండుసార్లు నన్ను పడేశాడు, రెండుసార్లూ కమాన్ మీద ఆపాను. డప్పులు చెవులు పగిలేటట్టు మోగుతున్నాయి. మూడోసారి ఆయన ఛాతీ మీద కూర్చున్నప్పుడు కమాన్ మీదే పక్కకు తిరిగి ఆయన్ని కిందేశాను. కడియం చేతికి తొడిగారు. సునీత అటు నుంచి అటే బీర్కూర్‌లో తల్లిగారింటికి పోయింది, రెండు రోజులుండి వస్తానంది.

మరునాడు పొద్దున జొన్నరొట్టె ముక్క నోట్లో పెట్టుకుంటే నమలడం కష్టమైంది. దవడలు అలసిపోయినట్టున్నాయి. దెగ్లూర్ ఆయన మెడ పట్టు అలా పట్టాడులే అనుకున్నాను. ఉస్తాద్ నూనె వేడి చేసి మెడకు, దవడలకు మాలిష్ చేశాడు. సాయంత్రానికి నోట్లో రెండు వేళ్లు కూడా దూరలేదు. పళ్ల డాక్టర్ దగ్గరికి పోయాం. ఆయన నోరు చూడబోయి, తెరుచుకోకపోయేసరికి చేతిలో అద్దం పక్కన పెట్టాడు. ఇది పళ్ల సంగతి కాదు, ఆలస్యం చేయకుండా దవాఖానకు పొమ్మన్నాడు.

దవాఖానలో చిన్న వయసు డాక్టరమ్మ. దవడ పట్టి చూసింది, మెడ వంచి చూసింది. "ఈ మధ్య ఏమన్నా గాయమైందా? కాలికి గాని, చేతికి గాని?" అని అడిగింది.

ఉస్తాద్ నా పక్కనే నిలబడి ఉన్నాడు. గాయమైంది అంటే ఏం పెట్టావంటుంది. మట్టి అంటే ఆయన్ని నలుగురి ముందు ఏమంటుందో. నన్ను పెంచిన మనిషిని నేనే నిలబెట్టి అనిపించినట్టవుతుంది. ఇవన్నీ ఇప్పుడు వరుసగా రాస్తున్నాను గాని, అప్పుడు అంతసేపు ఆలోచించలేదు. పళ్ల సందుల్లోంచే "ఏం కాలె మేడం" అన్నాను. ఉస్తాద్ నేల చూశాడు. డాక్టరమ్మ ఇక్కడే ఉండండి, గమనించాలి అంది. రేపొస్తామని సంతకం పెట్టి ఇంటికి వచ్చేశాను. ఎవరిదీ తప్పు కాదు, నాదే. అడగాల్సింది ఆమె అడిగింది.

మర్నాడు తెల్లారి చాప మీద పడుకుని ఉన్నాను. రాత్రి తోడున్న ఉస్తాద్ నీళ్లు తాగి చెంబు గట్టు మీద పెట్టబోతే అది జారి బండల మీద పడింది. ఆ చప్పుడు నా వెన్నులోకి దిగింది. మెడ వెనక్కి విరుచుకుపోయింది. నడుము తనంతట తాను పైకి లేచింది. తల, మడమలు చాపకు ఆని ఉన్నాయి, మిగతా ఒళ్లంతా గాలిలో ఉంది. ఊపిరి లోపలికి పోవడం లేదు.

"గిప్పుడు కమానెందుకు లేపుతున్నవ్ కొడుకా?" అన్నాడు ఉస్తాద్.

ఆ కమాన్ నేను లేపింది కాదు. చెబుదామంటే నోరు లేదు. ఇరవై ఏళ్లు నన్ను ఓడిపోకుండా కాపాడిన పట్టు నన్నే పట్టుకుంది. దించడం నాకు తెలియదు. ఉస్తాద్ నా కళ్లలోకి చూశాడు. వెంటనే ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తాడు.

ఆటోలో తీసుకుపోయారు. రోడ్డు మీద ప్రతి గుంతకూ ఒళ్లు బిగుసుకుంది. అదే డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి, నన్ను కాదు, ఉస్తాద్‌ను అడిగింది, గాయమైందా అని. కబురందుకుని అప్పుడే బీర్కూర్ బస్సు దిగి సునీత లోపలికి వస్తోంది.

ఉస్తాద్ రెండు చేతులూ జోడించాడు. "అయింది మేడం. చెరుకు కొయ్య దిగింది. మట్టి వెట్టిన. నేనే వెట్టిన. నన్ను ఏమంటరో అనుండ్రి గని, గీనిని బతికియ్యుండ్రి."

తాలీం మట్టి మీద ఒట్టు వేసి బతికిన మనిషి. ఆ మాట ఆయన నోటి వెంట ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. సునీత గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ధనుర్వాతం అని డాక్టరమ్మ మాకు చెప్పింది, వెంటనే నిజామాబాద్ పంపించింది.

నిజామాబాద్‌లో మొదటి వారం నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. నన్ను ఒక చిన్న గదిలో పెట్టారు. కిటికీలకు నల్ల గుడ్డ. లైటు లేదు. వెలుతురు పడినా, చప్పుడైనా, ఎవరైనా మంచానికి తగిలినా ఒళ్లు విల్లులా లేస్తుంది. లేచినప్పుడల్లా ఊపిరి ఆగుతుంది. పక్కనే ఊపిరి మిషన్ సిద్ధంగా పెట్టారు. ఛాతీ పూర్తిగా పట్టేస్తే గొంతుకు రంధ్రం చేసి దానికి కలుపుతామన్నారు. కలిపాక బయటపడతాడా అని సునీత అడిగితే డాక్టర్ చెప్పలేనన్నాడట. నాకు తెలివి ఉంది. అదే ఆ జబ్బులోని పాడు సంగతి. అన్నీ వినపడతాయి. ప్రతిసారీ అదైపోయాక నేను చేసే పని ఒక్కటే, తర్వాతి చప్పుడు ఎటు నుంచి వస్తుందా అని చెవులు రిక్కించుకుని ఉండటం. భయమేసింది. ఎదుట మనిషి ఉంటే నాకు ఎప్పుడూ భయం వేయలేదు. అక్కడ ఎదుట ఎవరూ లేరు.

మంచి మనుషులు కూడా అక్కడే దొరికారు. ఒక సిస్టర్ మందుల బండి చక్రాలకు బ్యాండేజీ గుడ్డ చుట్టి తోసుకొచ్చేది. గదిలోకి వచ్చే ముందు చెప్పులు బయటే విడిచేది. "తమ్ముడూ, ఇప్పుడు చెయ్యి పట్టుకుంటా" అని గుసగుసగా చెప్పి, ఆగి, అప్పుడు ముట్టుకునేది. చెప్పి ముట్టుకుంటే ఒళ్లు అంతగా బిగుసుకునేది కాదు.

సునీత గాజుల చప్పుడుకు కూడా నాకు పట్టేసేది. అది చూసి ఆమె బయట బెంచీ మీద కూర్చుని గాజులు ఒక్కొక్కటే తీయబోయిందట. పక్కన తన మనవరాలి కోసం వచ్చిన ఒక అవ్వ చెయ్యి పట్టుకుని ఆపింది.

"మొగడు లోపల పానంతోని ఉండంగ గాజులు తీస్తవా బిడ్డా?"

"సప్పుడైతె ఆయనకు ఊపిరి ఆగుతుందవ్వా. నాకు గాజులెందుకు?"

ఆ అవ్వ తన చీర కొంగు అంచు చింపి, సునీత రెండు చేతుల గాజులకూ గట్టిగా చుట్టి ముడేసింది. అలా ఇరవై రోజులు సునీత ఆ గుడ్డలతోనే తిరిగింది. ఆ అవ్వ పేరు కూడా మేము అడగలేదు. ఇప్పుడు అదే బాధ.

ఉస్తాద్‌తో మాత్రం సునీత ఒక్క మాట మాట్లాడలేదు. అంతకుముందు నోరారా మామా అని పిలిచేది. మొదటి రోజే "లోపలికి రావొద్దు" అని తేల్చి చెప్పిందట. ఆయన కింద మెట్ల మీద కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి, నాలుగు రోజులు ఆ మెట్ల మీదే. ఆమె డాక్టర్ దగ్గరికి పోయి వస్తుంటే లేచి నిలబడేవాడు. ఆమె ఆయన పక్క నుంచే చూడకుండా పోయేది. లోపల నాకు ఇవేవీ తెలియవు. తెలిసినా ఏం చేసేవాణ్ని, నోరు లేదు.

ఐదో రోజు, పొద్దెక్కాక, దూరంగా డప్పు వినపడింది. పెళ్లి ఊరేగింపు. దవాఖాన రోడ్డు మీదే వస్తోంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ చప్పుడు వింటే నా కాళ్లలోకి బలం వచ్చేది. ఆ రోజు ఒక్కో దెబ్బకూ నడుము మంచం మీది నుంచి లేచింది. దిగేలోపు ఇంకో దెబ్బ. సిస్టర్ కిటికీకి దుప్పటి అడ్డం పెట్టింది. లాభం లేదు. డాక్టర్ వచ్చి మిషన్ గొట్టం చేతిలోకి తీసుకోవడం నా కంటి కొసకు కనిపించింది. ఇగ అయిపోయింది అనుకున్నాను. సునీత గుర్తొచ్చింది. అరికాలు ఎత్తి చూపించింది గుర్తొచ్చింది, సిగ్గేసింది.

అప్పుడు డప్పు ఆగింది. ఒక్కసారిగా ఆగింది. ఒళ్లు మెల్లగా మంచానికి దిగింది. డాక్టర్ కాసేపు చూసి గొట్టం వెనక్కి పెట్టాడు.

ఏం జరిగిందో సునీత తర్వాత చెప్పింది. ఆమె పైన వరండా నుంచి చూసిందట. ఉస్తాద్ చెప్పుల్లేకుండా మెట్లు దిగి, గేటు దాటి, ఎండలో నడిరోడ్డు మీద బాజావాళ్లకు అడ్డంగా నిలబడ్డాడు. పెళ్లివాళ్లలో ఎవరో ఆయన భుజం పట్టి పక్కకు నెట్టబోయారు. జాతరల్లో పెద్ద పెద్ద పైల్వాన్లు కదిలించలేని మనిషి, అక్కడా కదల్లేదు.

"నా కొడుకు లోపట ఉన్నడు. సప్పుడైతె పానం పోతది. గీ గోడ దాటేదాక ఆపుండ్రి, మీ కాల్మొక్త" అన్నాడట.

డప్పు కొట్టేవాళ్లలో ముందున్నాయన అరచెయ్యి డప్పు మీద పెట్టి ఆపేశాడు. వెనక ఉన్నవాళ్లూ ఆపేశారు. పెళ్లి కొడుకు, పెళ్లి జనం అంతా దవాఖాన గోడ పొడుగునా మాట్లాడకుండా నడిచి పోయారు. దాటిపోయి చాలా దూరం పోయాక గాని డప్పు మళ్లీ మొదలుపెట్టలేదు. సునీత కిందికి దిగి టీ తెచ్చి ఉస్తాద్ చేతికిచ్చింది.

"తాగు మామా" అంది.

ఆయన గ్లాసు పట్టుకుని ఏడ్చాడట. ఏడ్చాడని నాకు ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

తొమ్మిదో రోజు మిషన్‌ను పక్క గదిలోకి మార్చారు. పన్నెండో రోజు కిటికీ గుడ్డ సగం తీశారు. ముక్కుకు పెట్టిన గొట్టంలోంచి కాకుండా నోటితో మొదటిసారి గంజి తాగిన రోజు, సగం గడ్డం మీదే పోయింది, సునీత తుడుస్తూ నవ్వింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ ఒక మాట గట్టిగా చెప్పాడు. ఈ జబ్బు ఒకసారి వచ్చిపోయిందని మళ్లీ రాదనుకోవద్దు, టీకాలు చెప్పిన లెక్క ప్రకారం పూర్తిగా వేసుకోవాలి అని. ఇది చదివేవాళ్లలో నాలాంటి మొండివాళ్లు ఉంటే ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు.

ఇంటికొచ్చేసరికి ఇరవై కిలోలకు పైగా తగ్గాను. గోడ పట్టుకుని బాత్రూముకు పోయేవాణ్ని. "గిప్పుడు నిజంగ ఉడుతవైనవ్" అంది సునీత. తాలీంలో ఉస్తాద్ అందరినీ వరుసగా కూర్చోబెట్టి, ఊరి నర్సమ్మను పిలిపించి, సూదులు వేయించాడట. మొదటి సూది తనే వేసుకున్నాడు. గాయం మీద మట్టి పెట్టడం మానేశాడు. మట్టి బొట్టులా నుదుటికే అన్నాడు.

దసరా దాటాక మెల్లగా కసరత్తు మొదలుపెట్టాను. ఒక మధ్యాహ్నం ఇంటి ముందర చాప వేసుకుని, ఎవరికీ చెప్పకుండా కమాన్ లేపాను. సునీత బియ్యం చెరుగుతూ ఇటు తిరిగింది. చాట ఎటో విసిరేసింది, బియ్యమంతా వాకిట్లో పోయింది. వచ్చి నా మీద పడి, రెండు చేతులతో దవడలు పట్టి "నోరు తెరువు, నోరు తెరువు" అని లాగుతోంది.

"నేనే లేపిన" అన్నాను. "సునీతా, నేనే లేపిన."

ఆమె కాసేపు అలాగే పట్టుకుని చూసింది. తర్వాత చెంప మీద ఒకటిచ్చింది. వాకిట్లో కూలబడి ఏడ్చింది. ఆమెకు అప్పటిదాకా ఏడ్చే తీరిక దొరకలేదని అప్పుడు తెలిసింది. బియ్యం ఇద్దరం ఏరాం. ఆ రోజు నుంచి ఇంట్లో ఒక నియమం. కమాన్ లేపితే పైకి చెప్పాలి, నేనే లేపిన అని. రోజుకు ఇరవైసార్లు చెప్పేవాణ్ని. పక్కింటివాళ్లు అదేదో మంత్రమనుకున్నారు.

మళ్లీ జాతర వచ్చింది. అదే దెగ్లూర్ పైల్వాన్‌తో జోడు కలిపారు. వద్దని సునీత అనలేదు. అంటే బాగుండునని ఒక పక్క అనుకున్నాను కూడా. ఆమె ఎప్పుడూ కుస్తీ చూడటానికి ముందుకు వచ్చేది కాదు, ఆడవాళ్లతో దూరంగా కూర్చునేది. ఆ రోజు గుంత అంచుదాకా వచ్చింది. నన్ను కూర్చోబెట్టి అరికాళ్లు రెండూ చూసింది, వేళ్ల సందులు చూసింది. జనం నవ్వుతున్నారు. ఉస్తాద్ గుప్పెట్లో మట్టి పట్టుకుని ఆమె వంక చూశాడు.

"పెట్టాల్నా బిడ్డా?"

"నుదుటికే మామా" అంది.

డప్పు మొదలైంది. మొదటి దెబ్బకు నా ఒళ్లు ఒక్క క్షణం వెనక్కి జరిగింది, నిజం చెబుతున్నాను. తర్వాత కాళ్లు వాటి పని అవి చేశాయి. రెండుసార్లు చంక కింద నుంచి దూరాను. మూడోసారి దూరబోతే దెగ్లూర్ ఆయన నడుము దొరకబుచ్చుకుని వెల్లకిలా పడేసి ఛాతీ మీద కూర్చున్నాడు. కమాన్ లేచింది. తలకిందులుగా జనం కనిపించారు. వాళ్ల మధ్య సునీత, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, ఒక కాలు గుంతలోకి వేసేసింది. ఉస్తాద్ ఆమె భుజం పట్టి ఆపుతున్నాడు. ఆయన ముఖంలోనూ రక్తం లేదు.

నేను నోరు తెరిచాను. "నేనే లేపిన" అని అరిచాను. డప్పుల్లో వినపడిందో లేదో అని మళ్లీ అరిచాను. "సునీతా, నేనే లేపిన."

పైనున్న ఆయన బిత్తరపోయి "కాయ్ ఝాలా?" అన్నాడు మరాఠీలో, ఏమైందని. మూడోసారి ఆయన ముఖంలోకే అరిచాను. సునీత కాలు వెనక్కి తీసుకుంది.

ఆ కమాన్ మీద నుంచి తప్పించుకున్నాను గాని కడియం నాకు రాలేదు. ఇంకాసేపటికి ఊపిరి చాలక పట్టు వదిలాను, ఆయన నన్ను శుభ్రంగా ఓడించాడు. తర్వాత తనే చెయ్యిచ్చి లేపాడు. ఒళ్లంతా మట్టితో గట్టు మీదికి వచ్చి కూర్చుంటే సునీత కొంగుతో నా మూతి తుడిచింది.

"ఓడితె ఓడినవ్" అంది. "నోరైతె మంచిగ తెరిసినవ్."

సంచిలోంచి జొన్నరొట్టె తీసి సగం నాకు, సగం ఉస్తాద్‌కు ఇచ్చింది. ఇద్దరం అక్కడే కూర్చుని నమిలి తిన్నాం.